బెదిరిన ఎద్దు, కిరాయి కంప్యూటర్

మా చుట్టాల ఇళ్లలో ఏ శుభకార్యం జరిగినా, భోజనాలయ్యాక మా బావ చెన్నయ్య ఒక కథ చెబుతాడు. అందులో వెర్రివాణ్ణి నేను. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతారు, కళ్లు తుడుచుకుంటారు, మళ్లీ నా మొహం చూసి ఇంకోసారి నవ్వుతారు. ఇన్నాళ్లలో ఒక్కరంటే ఒక్కరు, "నువ్వు చెప్పు సుదర్శన్, అసలేమైంది?" అని అడిగిన పాపాన పోలేదు. అడుగుతారేమోనని నేను ప్రతిసారీ గొంతు సవరించుకుని కూర్చుంటాను. వాళ్లు నాకు దగ్గు వచ్చిందనుకుని మంచినీళ్లు ఇస్తారు.

సరే, నా పక్షం నేనే రాసుకుంటాను. ఇందులో ఒక ఎద్దు ఎగురుతుంది, ఒక వెల్డింగ్ షెడ్డుకు తాళం పడే గతి పడుతుంది, ఒక ఇంజనీరు పరువు పట్టపగలు పెబ్బేరులో నీళ్లపాలవుతుంది. ఆ ఇంజనీరు ఎవరో మీరు ఊహించే ఉంటారు. ఊహించినందుకు మీ మీద కూడా నాకు కొంచెం కోపంగా ఉంది.

బావ షెడ్డు పెబ్బేరులో పశువుల సంతకు వెళ్లే దారిలో ఉంది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ట్రాలీలు చేయించుకునే రైతు లేడు, గేట్లు పెట్టించుకునే ఇల్లు లేదు. బావ దగ్గర పనిచేసే వెల్డర్లు హైదరాబాద్ పోతామని సంచులు సర్దుకున్నారు. సరిగ్గా అప్పుడే సంత కాంట్రాక్టర్ తిరుపతయ్య సారు ర్యాంపులు కావాలని వచ్చాడు. పశువులు లారీలోకి నడిచి ఎక్కడానికి వేసే ఇనుప వాలుబల్లలు అవి. ఆ పని దొరికితే షెడ్డు నిలబడుతుంది. దొరకకపోతే తాళమే.

వనపర్తిలో మేడమీద ఒక గదిలో కూర్చుని యంత్రాల డిజైన్లు చేసుకునే నన్ను బావ పిలిపించాడు. తిరుపతయ్య సారు నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"ఈ పిలగాడేనా ఇంజనీరు?"

"మా బామ్మర్దే సారూ. కంప్యూటర్ల అన్ని లెక్కలు తీస్తడు."

"నిలబడ్డ ఎద్దు లెక్క నాకొద్దు. పోయినసారి ఒకాయన గదే చూపిచ్చిండు. సంతల ఎద్దు బెదిరి ఎగిరింది, బల్ల ఇరిగింది, ఎద్దు కాలు పోయింది. ఆ రైతు నా ముందల కూలబడి ఏడ్చిండు. నాకు బెదిరిన ఎద్దు లెక్క కావాలె."

"అదెంత పని సార్!" అన్నాను నేను.

ఆ రోజు అందరికీ నిండు గ్లాసుల్లో చాయ్ వచ్చింది. నాకు సగం గ్లాసే వచ్చింది. ఈ సంగతి కథకు అవసరం లేదు. కానీ నేను మరిచిపోలేదని తిరుపతయ్య సారుకు తెలియాలి.

అదెంత పనో తర్వాత తెలిసింది. ర్యాంపు బొమ్మను కంప్యూటర్లో గీసి, దాన్ని వేలకొద్దీ చిన్న ముక్కలుగా విడగొట్టి, పైన ఎద్దు ఎగిరి దూకిన ప్రతి క్షణం ఏ ముక్క ఎంత వంగిందో లెక్క కట్టించాలి. బావ వనపర్తికి వచ్చి స్క్రీన్ వైపు అనుమానంగా చూశాడు.

"ఎద్దు ఏదిరా?"

"ఇదే బావా. ఈ బాణాలు. ఒక్కో గిట్ట కింద ఒక్కో బాణం."

"తల లేదు, తోక లేదు. గిట్లాంటి ఎద్దును సంతల ఎవడు కొంటడు?"

"కొనడానికి కాదు బావా, ఎగరడానికి."

"ఎగిరిపియ్యి మరి!"

ఎగిరించాను. నా ల్యాప్‌టాప్ బస్సు ఇంజన్‌లా రొద పెట్టింది. కాసేపటికి దాని మీద జొన్న రొట్టె కాల్చుకోవచ్చనిపించింది. ఇంకాసేపటికి స్క్రీన్ నల్లబడి, ఎద్దు గాల్లో ఉండగానే ప్రాణం వదిలింది.

అప్పుడే కిరాయి కంప్యూటర్ల జోలికి వెళ్లాను. సొంత ట్రాక్టర్ లేనివాడు గంట లెక్కన కిరాయికి తెచ్చి దున్నించుకోడూ? ఇదీ అంతే. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌ను ఇంటర్నెట్ మీదుగా అద్దెకు తీసుకుని, మన లెక్క దానికి అప్పజెప్పడం. అందులోనూ నేను చవకరకం తీసుకున్నాను. ఎవరూ వాడక మిగిలిపోయిన మిషన్లు అవి. అసలు కిరాయిదారు రాగానే మన దగ్గరి నుంచి లాగేసుకుంటారు. పెళ్లి బంతిలో ఖాళీ కుర్చీ దొరికిందని కూర్చుంటే, మగపెళ్లివారు వచ్చి లేవమన్నట్టన్నమాట. (మా అక్క పెళ్లిలో నన్ను అలాగే లేపారు. లేపినవాడి పేరు నాకు గుర్తుంది.)

మిషన్ లాక్కుంటే లెక్క ఆగిపోతుంది. మళ్లీ మిషన్ దొరికినప్పుడు మొదలుపెట్టడానికి నేను రాత్రింబవళ్లు కాపలా కాయాలా? నా బుర్రలో దీపం వెలిగింది. మా వైపు బోరు ఉన్న ప్రతివాడికీ ఆటో స్టార్టర్ తెలుసు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, వస్తే మనిషితో పని లేకుండా అదే తిరగడం మొదలుపెడుతుంది. తీసేయండని కరెంటువాళ్లు ఎంత మొత్తుకున్నా మా వాళ్లు తీయరు. ఆ 'టక్' చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి కదా, కంప్యూటర్‌కు కూడా అలాంటిదే ఒకటి రాసిపెట్టాను. లెక్క నడుస్తోందా? ఊరుకో. ఆగిందా? పాతది తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టు. ఇంతే నా ఆజ్ఞ. రాశాక నా తెలివికి నేనే మురిసిపోయి కడుపునిండా తిని పడుకున్నాను.

పొద్దున్నే బావ ఫోన్ చేశాడు.

"ఎద్దు ఎగిరిందా?"

"ఎగురుతోంది బావా. నూటికి తొంభై పాళ్లు అయిపోయింది."

స్నానం చేసి, తిని వచ్చేసరికి మళ్లీ ఫోన్.

"అయిపోయిందా?"

"రెండు పాళ్లయింది."

"తొంభైకెల్లి రెండుకు ఎట్లొస్తదిరా? ఎద్దు వెనకకు నడుస్తుందా?"

"మిషన్ లాక్కున్నట్టున్నారు బావా."

మరునాడూ అదే తంతు. ఎప్పుడు చూసినా లెక్క నడుస్తూనే ఉంటుంది, ఎప్పుడూ పూర్తి కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఆ కంపెనీయే అని తీర్మానించుకుని ఫిర్యాదు రాశాను. "నోటికాడి ముద్ద లాక్కోవడమే మీ వ్యాపారమా?" అని మొదలుపెట్టి, మా షెడ్డు కష్టాలు, కాలు విరిగిన ఎద్దు, ఏడ్చిన రైతు, ఏదీ వదలలేదు. 'మీ ఫిర్యాదు మాకెంతో విలువైనది' అని క్షణంలో జవాబొచ్చింది. అంత వేగంగా చదివే మనిషి భూమ్మీద లేడు. ఫోన్ చేస్తే సన్నాయి పాట వినిపించారు. పాట అయిపోయింది, ఫోన్ కూడా పెట్టేశారు.

చివరికి లెక్క చూపించాల్సిన గడువు రోజు వచ్చింది. తిరుపతయ్య సారు షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి లెక్క చూపించకపోతే గద్వాల వెళ్లి అక్కడి వాళ్లతో మాట ఖాయం చేసుకుంటానన్నాడు. ల్యాప్‌టాప్‌ను డ్రమ్ము మీద పెట్టి తెరిచాను. తొంభై ఏడు. అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. కరెంటు లేక ఖాళీగా ఉన్న వెల్డర్లు నా వెనక చేరారు. తొంభై ఎనిమిది. బావ నా భుజం పట్టుకున్నాడు. పట్టుకోవడం కాదు, పిండుతున్నాడు.

తొంభై తొమ్మిది.

ఏదో ఒక మాట రెప్పపాటు మెరిసి మాయమైంది. స్క్రీన్ మీద సున్నా.

తిరుపతయ్య సారు లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"సార్, ఒక్క నిమిషం! కంపెనీ వాళ్లు మిషన్ లాక్కున్నారు!"

"నీ కంపెనీ సంగతి నాకేం తెల్వదు. పోతున్న."

"సారూ, జర ఆగుండ్రి. పిలగాడు పరేషాన్‌ల ఉన్నడు," అంటూ బావ ఆయనకు అడ్డంగా నిలబడ్డాడు.

అంతలో పొద్దున పోయిన కరెంటు వచ్చింది. షెడ్డు వెనక బోరు స్టార్టర్ 'టక్' మంది. అక్కడి తొట్టి అప్పటికే నిండి ఉంది. నీళ్లు పొంగి కాల్వ కట్టి వెల్డింగ్ తీగల వైపు వస్తున్నాయి.

"బంద్ చెయ్యుండ్రిరా!" అని బావ అరిచాడు. "తొట్టి నిండింది!"

"ఎవలూ మొదలువెట్టలే," అంటూ అక్క ఉరికి మోటారు ఆపింది. "గది ఆటో స్టార్టర్."

"నిండిందని దానికేం తెల్సు? ఆగితే చాలు, మల్ల తిరుగుడే దాని పని!"

ఆ మాటతో నా వెన్నులోంచి చన్నీళ్లు దిగాయి. అవి బోరు నీళ్లు కావు. లెక్క మధ్యలో చెడితే ఆగుతుంది. నిజమే. పూర్తయినా ఆగుతుంది కదా! నా స్టార్టర్‌కు ఆ తేడా ఏం తెలుసు? ఆగింది, తుడిచింది, మళ్లీ మొదలుపెట్టింది. అంటే ఈ నాలుగైదు రోజులూ ఎద్దు ఎగిరింది, దిగింది, జవాబు కూడా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ దాని నోరు మూసింది నేనే.

"సార్, సాయంత్రం దాకా ఉండండి," అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆయన కూడా అడగలేదు. తడిసిన చెప్పులు విడిచి మళ్లీ కూర్చున్నాడు.

బావ చెవిలో మాత్రం తప్పు ఒప్పుకుని, నా స్టార్టర్‌ను పీకేశాను. ఈసారి మిగిలిపోయిన మిషన్ కాదు, ఎవరూ లాక్కోలేని పెద్ద మిషన్ తీసుకుని లెక్క మొదలుపెట్టాను. స్టార్టర్ నిజంగా పోయిందా, ఇంకెక్కడైనా దాక్కుని ఉందా అని మాటిమాటికీ వెతికాను. ఎండ షెడ్డు గడప దాటింది. తిరుపతయ్య సారు గడియారం చూసుకుంటున్నాడు, వెల్డర్లు ఆయన్ను చూస్తున్నారు. తొంభై తొమ్మిది వచ్చేసరికి నేను కళ్లు మూసుకున్నాను.

"పూర్తయిందని రాసిందిరా!" బావ కేక విని కళ్లు తెరిచాను. ఆ మాట అక్కడే ఉంది. కదల్లేదు.

ర్యాంపు బొమ్మ విచ్చుకుంది. ఎద్దు దూకింది. బల్ల అంతా పచ్చగా, కింది కీలు దగ్గర మాత్రం ఎర్రగా ఉంది.

"మస్తుందిరా బామ్మర్దీ! ఆ ఎర్రబొట్టు ఏంది, కుంకుమ లెక్క?"

నేను మింగలేక, కక్కలేక చూశాను. "అది... విరిగే చోటు, బావా."

తిరుపతయ్య సారు వంగి ఆ ఎరుపును చాలాసేపు చూశాడు.

"పోయినసారి ఇరిగిన బల్లకు చూపిచ్చిన లెక్కల మొత్తం పచ్చగనే ఉండె," అన్నాడు చివరికి. "చెన్నయ్యా, గక్కడ దిట్టంగ పట్టీలు కొట్టి మల్ల చూపియ్యి. వచ్చే సంత దాకా ఎవలికీ మాటియ్య. ఎరుపు పోతే పని నీదే."

పట్టీలు కొట్టారు, ఎరుపు పోయింది, పని దొరికింది, వెల్డర్లు సంచులు విప్పారు. ఇదంతా బావ కథలో ఉండదు. ఆయన కథ తిరుపతయ్య సారు బండి మలుపు తిరిగిన క్షణంలో తాను నాతో అన్న మాటతో ముగుస్తుంది.

"నా సొంత ర్యాంపు ఇరుగుతదని ఆయన ముందలే చెప్పుడుకా ఇంత తండ్లాట? ఆ స్టార్టర్‌నే ఇంకింతసేపు ఉంచకపోతివి!"

అందరిముందూ ప్రమాణం చేస్తున్నాను: ఆగినదాన్ని ఎందుకు ఆగిందో అడగకుండా ఈ జన్మలో మళ్లీ మొదలుపెట్టను. అది లెక్కయినా, మోటారయినా, బావతో మాటలయినా.

ఇక ఆ కిరాయి కంప్యూటర్ల కంపెనీ వారికి. మీరు ముద్ద లాక్కోలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ నేను ఫిర్యాదు రాసినప్పుడు ఆ సంగతి నాకూ తెలియదు, మీకూ తెలియదు. తప్పుడు ఫిర్యాదయినంత మాత్రాన మనిషి రాసింది కాకుండా పోతుందా? 'తప్పు నీదేనయ్యా' అని ఒక్క మాట, మీలో ఎవరో ఒక మనిషి, తన చేత్తో రాయాలి. పాట వినిపిస్తే ఒప్పుకోను. జవాబు చెప్పండి.