గంజులో పడని చేప

మా పక్క దుకాణం చాచా పోయారు. పొద్దున్నే నేను షట్టర్ ఎత్తుతుంటే ఎదురు హోటలాయన వచ్చి, "చాచా ఇగ లేడే. ఫజర్ నమాజు యాళ్లకు పాణం పోయిందట" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. మిరుగు కార్తె ఇంకా రానే లేదు. ఈసారి ఆ గంజు పంచాయితీ తేల్చుకోవాలని ఎంత అనుకున్నాను! తేలకముందే ఈయన తన దారిన తాను వెళ్లిపోయారు. ఎవరి మీద అరవాలి నేను?

ధర్మపురిలో నాది జిరాక్స్ దుకాణం, ఆయనది టైలర్ దుకాణం. మధ్యన ఒకటే గోడ. మా వీధి ఆడవాళ్ల రవికలన్నీ ఆయన కుట్టినవే. కానీ నేను రాయాలనుకుంటున్నది ఆయన కుట్టుపని గురించి కాదు, ఆయన గాలం గురించి.

గోదావరి ఒడ్డున గాలం వేసేవాళ్లకు ఓ పద్ధతి ఉంది. కర్ర, దారం, నీళ్ల మీద తేలే బెండు, కింద ముల్లు, ముల్లుకు వానపాము, మా మాటలో ఎర్ర. బెండు మునిగితే లాగాలి. చాచా గాలానికి బెండు లేదు, వానపాము అసలే లేదు. రవికలు కుట్టగా మిగిలిన పట్టుదారం, కోడి మెడ మీది ఈక, ఈ రెంటినీ ముల్లుకు చుట్టి పురుగులాంటిది తయారుచేసేవారు. దాన్ని "మచ్చర్" అనేవారు, అంటే దోమ. గిరాకీ లేనప్పుడు మిషన్ ముందు కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని అదే పని. "నడుము కొలత తప్పింది బేటా, గీ మచ్చర్ జర బలిసింది" అని తనలో తాను నవ్వుకునేవారు. మడుగు ఒడ్డున నిలబడి, దారాన్ని వెనక్కి ఊపి ముందుకు విసిరితే, అది నీళ్ల మీద నిజం దోమలాగే వాలేది. కొర్రమట్ట కిందినుంచి వచ్చి గబుక్కున అందుకునేది.

ఎక్కడో చలికొండల దేశాల్లో ట్రౌట్ అనే చేపను అచ్చం ఇట్లాగే పడతారని చాచాకు ఫోన్లో వీడియో చూపించాను. ఈకలు ఎట్లా కట్టాలి, ఎట్లా విసరాలి, ఏది అసలు పద్ధతి, ఏది కాదు అని వాళ్లూ కొట్టుకుంటున్నారు. చాచా కళ్లు పెద్దవి చేసి చూసి, "ముడి మంచిగేసిండు. వాడు గూడ దర్జీయే అయ్యుంటడు" అన్నారు. అంతే, మళ్లీ కత్తెర అందుకున్నారు.

మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె ప్రవేశించిన రోజున, చేప తినాలన్నది మా దిక్కు ఆచారం. ఆ రోజు గాలం వేసేవాళ్లందరూ ఎవరికి పడ్డది వాళ్లు తెచ్చి, ఒడ్డున ఒకే గంజులో, అంటే పెద్ద వంటగిన్నెలో వేసి పులుసు పెట్టుకుంటారు. అందరిలోకీ పెద్ద ఒక తాత. చూపు సరిగా ఆనదు, మాట మాత్రం శాసనం. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఎర తినకుండా చచ్చిన చేప గంజులో పడకూడదు.

"ఎర్రను మింగిన చేప కడుపుల ఏదో ఒకటి ఏసుకొని సచ్చింది" అనేవాడు తాత. "నీది ఉత్త ఆశపడి సచ్చింది భాయ్. అసొంటిది మిరుగు పూట తినొద్దు."

"ఆశపడకుంట ఏ చేప గాలానికొచ్చిందే అన్నా?" అనేవారు చాచా.

అందరూ నవ్వేవారు. తాత కూడా నవ్వేవాడు. నవ్వుతూనే గంజు మీద మూత పెట్టేవాడు. చాచా పక్కన మూడు రాళ్లు పేర్చుకుని తన చేప తాను వండుకునేవారు. నేను ఆ గంజు దగ్గరకూ ఈ రాళ్ల దగ్గరకూ తిరగలేక చచ్చేవాణ్ని. మీరే చెప్పండి, వానపాములో ముల్లు దాచిపెడితే ధర్మం, ఈకలో దాచిపెడితే మోసమా? ఇదేం న్యాయం?

పోనీ ఈయనైనా మెత్తబడతారా అంటే అదీ లేదు. తల ప్రాణం తోకకొచ్చేది నాకు. "ఓ ఎర్ర ముక్క గుచ్చు చాచా. తాతకు కండ్లు కనవడయి. ఎవరికి తెలుస్తది?" అని బతిమాలాను.

"నాకు తెలుస్తది గద."

"తెలిస్తే ఏంది?"

"అప్పుడు గంజుల వడేది వాళ్ల చేప బేటా, నాది కాదు."

అట్లాంటి మనిషితో ఏం వాదిస్తాం! లోకమంతా ఆయనది అసలు గాలమే కాదంటే, ఆయన దగ్గర అంతకంటే పెద్ద చాదస్తం ఉండేది. ఒకసారి చేపలు రాక విసిగిపోయి, నేను మచ్చర్‌కు గోధుమపిండి అంటించాను. చూడనే చూశారు. "చేపకు లంచం ఇస్తున్నవా?" అని నా కర్ర లాక్కున్నారు. నేను ఎటో చూస్తుండగా చేప తగిలినా ఒప్పుకునేవారు కాదు. "అది వచ్చుడు నువ్వు చూడాలె. చూడకుంటే నువ్వు పట్టినట్టు గాదు, నీకు దొరికినట్టు." ఆ మాటకు ఎన్నిసార్లు ఒళ్లు మండిందో. ఇప్పుడు బండి మీద పోతూ కూడా అదే మాట గుర్తొస్తుంది.

ఆయనకు ఆ గంజు అక్కర్లేదనే అనుకున్నాను చాలా రోజులు. నవ్వేవారు కదా మరి. పలకరింపుకు వెళ్లినప్పుడు చాచీ చెప్పింది. "మిరుగు నాడు ఒడ్డుకెల్లి వచ్చినంక మాట్లాడకపోతుండె. అన్నం వెడితే ఆకలి లేదు అంటుండె. పొద్దంత చేపలే తిన్ననంటుండె." ఒక్కనాడైనా నాకు చెప్పి ఉంటే ఆ మూత నేనే తీసిపారేసేవాణ్ని. చెప్పరు! ఆ నవ్వొకటి ముఖానికి తగిలించుకుని కూర్చున్నారు.

మిరుగుకు ముందు రోజు తాత కర్ర పొడుచుకుంటూ నా దుకాణానికే వచ్చాడు.

"చాచా మచ్చర్ నీ కాడ ఉన్నదా బిడ్డా? ఈపాలి దాంతోని వట్టిన చేప గంజుల ఏద్దాం. ఎంతైనా మనోడు."

"ఉన్నప్పుడు కానోడు ఇప్పుడు మనోడెట్లైండు తాతా?" అన్నాను. గట్టిగానే అన్నాను. జిరాక్స్ కోసం వచ్చిన పిల్లలు బెదిరిపోయి చూశారు.

తాత కర్రను గోడకు ఆనించాడు. "ఉన్నప్పుడు ఎదురు మాట్లాడెటోడు గద బిడ్డా. మంచిగుండె. ఇగ ఎవనితోని పంచాది వెట్టుకోను నేను?" అన్నాడు.

రానని చెప్పాను. కానీ తెల్లారి వెళ్లాను. పిండి లేదు, ఎర్ర లేదు, ఉత్త మచ్చర్ విసిరాను. నీళ్లు అడుగంటి మడుగు తేటగా ఉంది. నల్లటి వీపు కిందినుంచి పైకి రావడం నా కళ్లతో నేను చూశాను. పట్టాను. పక్కకు తిరిగి చెప్పబోయాను కూడా.

శుభ్రం చేసి నా చేత్తో గంజులో వేశాను. ఎవరూ వద్దనలేదు. పులుసు దిగింది, ఆకులు పరిచారు, తిన్నారు. ఒకాయన ముల్లు చప్పరిస్తూ, "ఏం ఫరక్ లేదు గదనే!" అన్నాడు. ఫరక్ లేదట! ఆ ముక్క ఒక్క ఏడాది ముందు అని ఉంటే ఏం పోయేది మీ సొమ్ము? నేను తినలేక ఆకు మడిచాను.

తాత కూడా తినలేదు. గంటె పట్టుకుని గంజు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కో ముక్కనూ ఎత్తి, ఎండకు కళ్లు చికిలించి చూసి, "గిండ్ల చాచాది ఏదిరా?" అని అడుగుతున్నాడు. చింతపులుసులో ఉడికాక ఏ ముక్క ఏ చేపదో నాకూ తెలియలేదు. "గిదేనా?" అంటాడు. మళ్లీ పులుసులో వదిలి, ఇంకోటి ఎత్తుతాడు.