ఆరు కుర్చీల తప్పు

మొన్న హైదరాబాదులో ఒక ఫర్నిచర్ షోరూంలో అడుగుపెట్టగానే టేకు చెక్క, కొత్త పాలిష్ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఎదురుగా సన్నని ఏటవాలు కాళ్ళతో, చేతులు లేకుండా, నేలకు దగ్గరగా వెనక్కి వాలిన కుర్చీ. కూర్చోమన్నారు. కూర్చోలేకపోయాను. కుర్చీ అనేది చూడడానికి చేసేదని ఒకప్పుడు గట్టిగా నమ్మిన తెలివితక్కువవాణ్ణి నేను. తెలివి నాకు తక్కువైతే పోయిన పేరు మాత్రం ఇంకొకాయనది.

ఆయన వనపర్తి వడ్రంగి చంద్రయ్యచారి. అందరికీ ఉస్తాద్. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో ఇంటీరియర్ డిజైన్ డిప్లొమాతో ఆయన కార్ఖానాలో చేరాను. డిప్లొమా చేతికొచ్చింది గాని, చేతికి పని రాలేదు. ఎవరికి కుర్చీ చేసినా ఉస్తాద్ ముందు వాళ్ళను రంపపు పొట్టు నింపిన బస్తా మీద కూర్చోబెట్టేవాడు. లేచాక పడిన గుంతను చూసి వీపు ఎంత వాలాలో తేల్చేవాడు. మోకాలి నుంచి మడమ దాకా దారంతో కొలిచి ముడి వేసేవాడు. "దర్జీ లెక్క కొలుస్తున్నరేంది ఉస్తాద్?" అని నవ్వాను. "అంగీ పిగిలితే కుట్టుకుంటరు. నడుము పిగిలితే ఏం జేస్తరు?" అన్నాడు.

గద్వాలలో ఒక పత్తి విత్తనాల వ్యాపారి కొత్తింటి హాలుకు ఆరు కుర్చీలు అడిగాడు. పట్నం తీరుగా ఉండాలన్నాడు. విదేశీ పుస్తకంలోని యాభై ఏళ్ళ కిందటి నమూనా చూసి, అచ్చం ఆ షోరూం కుర్చీలాంటిదే గీశాను. ఉస్తాద్ కాగితాన్ని దూరంగా పట్టి చూశాడు. "మస్తుంది. ఎవరు కూసుంటరు?" "ఎవరైనా కూసుంటరు ఉస్తాద్." "ఎవరైనా అనేటోడు ఏ ఊర్ల ఉంటడురా? పోయి ఇంట్ల అందరి కొలతలు తీస్కరా." బస్సులో పొట్టు బస్తా మోయడం నామోషీ అనిపించి, దాన్ని కార్ఖానా వెనక దాచి వెళ్ళాను. వ్యాపారినొక్కడినే కలిసి, మిగతా కొలతలు తిరుగు బస్సులో ఊహించి రాసుకున్నాను.

కుర్చీలు దింపిన రోజు వ్యాపారి తల్లి మొదట కూర్చుంది. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. అలవాటు ప్రకారం కాళ్ళు పైకి మడుచుకోబోతే జారింది. లేవబోతే పట్టుకోవడానికి ఏమీ లేదు. "ఓ కొడుకా, లేపుండ్రి నన్ను! గిది కుర్చీనా, బాయినా?" ఇద్దరు కోడళ్ళు చెరో రెక్క పట్టి లాగారు. "ఏంది చారీ, కొలత తియ్యలేదా?" అన్నాడు వ్యాపారి. నేను నోరు తెరిచేలోపే ఉస్తాద్, "తప్పు నాదే సావుకారీ. ముడి తప్పేసిన. మల్ల చేసిస్త" అన్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాను. దారిలో ఒక్కటే అడిగాడు: "అవ్వ కొలత తీసినవా?" "లేదు ఉస్తాద్." "ముందే అడగకపోతి. గదే నా తప్పు."

ఈసారి బస్తా నేనే మోశాను. ఏటవాలు కాళ్ళు అలాగే ఉంచి, కూర్చునే చోటు పైకి లేపి, వెడల్పు పెంచి, చేతులు పెట్టాను. అవ్వ కాళ్ళు మడుచుకుని ఎక్కి ఇక దిగనంది. ఊరి నోటికెక్కిన మాటా దిగలేదు: వనపర్తి చారికి చూపు ఆనడం లేదట. గద్వాల పనులు ఆగిపోయాయి. నాకు కూర్చుంటే తోచేది కాదు, లేస్తే పోయే చోటుండేది కాదు. నిజం చెప్పేస్తానంటే ఉస్తాద్ కసిరేవాడు: "నోర్ముయ్. నీ పేరు ఇంక మొదలే కాలె. నాదేముంది, అయిపొయ్యే పేరు."

రెండేళ్ళకు అదే వ్యాపారి కొత్త దుకాణం తెరుస్తూ మమ్మల్ని పిలిచాడు. పదిమంది ముందు, "ఈ పిలగాడు సక్కజేసిండు గని, లేకుంటే చారి ముంచేటోడే" అన్నాడు. ఉస్తాద్ నవ్వబోయాడు. రెండేళ్ళు నా నోరు నొక్కిన కసి అప్పుడు తీర్చుకున్నాను. "ఉస్తాద్ అబద్ధమాడిండు సావుకారీ. కొలతలు తియ్యనిది నేను. అవ్వను చూడనే లేదు, బస్సుల కూసుని రాసిన." ఉస్తాద్ ముఖం కందిపోయింది. బయటికొచ్చి, "రెండేండ్లు నీ పేరు కాపాడినరా, ఒక్క ముక్కల ఖరాబు చేస్తివి" అని తిట్టాడు. వారం తర్వాత గద్వాల నుంచి ఇద్దరు కుర్చీలకోసం వస్తే, నా వైపు చెయ్యి చూపించాడు.

"గాయనను అడుగుండ్రి. నా లెక్క అబద్ధాలాడడు."