రాణిగారి బండ

పదేళ్లుగా ఆదోనిలో ఉంటూ ఒక్కసారైనా కోట ఎక్కని నేను, హైదరాబాదు బావమరిదికి ఊరి చరిత్ర చెప్పబోవడమే బుద్ధితక్కువ పని. చెరువు గట్టున నున్నటి బండ చూపించి, "పూర్వం రాణిగారు దీనిమీదే కూర్చునేవారు" అని కోతలు కోశాను. వాడు దానిపై దర్జాగా కూర్చుని ఫొటో తీయించుకుని, 'రాణిగారి సింహాసనం' అంటూ చుట్టాల గ్రూపులో పెట్టేశాడు.

అంతలో మైలబట్టల మూటతో ఒక అవ్వ వచ్చింది.

"ఇది రాణిగారి బండట కదవ్వా?" అన్నాడు వాడు.

"యే రాణి అప్పా? మా మామ యేసిన బండ ఇది. లెయ్యి, గుడ్డలు ఉతకల్ల!"

ఇంటికొచ్చాక వాడు మా ఆవిడ ముందు నన్నే ఉతికి ఆరేశాడు. "బావా, ఈ రుబ్బురోలు ఏ రాజుగారిది?"

నేను గ్రూపులో వాడి ఫొటో కింద రాశాను: "చిన్న సవరణ. అది అవ్వ బట్టలుతికే బండ."