నాలుగు మూలల్లో వెలగని చుక్క

గత నెల ఒక ఆదివారం ఉదయం అటక మీది పాత కంప్యూటరును దింపి, దుమ్ము తుడిచి, తీగలన్నీ వరుసగా కలిపి మీట నొక్కాను. లోపలి ఫ్యాను రెండుసార్లు మూలిగి తిరగడం మొదలుపెట్టిన అరనిమిషానికి గది నిండా ఘాటు లేచింది. నేనూ, పక్కన నిలబడి చూస్తున్న నా భార్యా ఒకరి తరువాత ఒకరం తుమ్మి, దగ్గి, కళ్ల నీళ్లు పెట్టుకున్నాం. యంత్రం కాలిపోతోందని ఆమె కంగారు పడింది గాని, అది కాలుతున్న వాసన కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ పెట్టె లోపల పేరుకుని ఉన్న మిరప దుమ్ము వేడెక్కిన వాసన.

మాది తుళ్లూరుకు దగ్గరలో ఒక నల్లరేగడి పల్లె. మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. గుంటూరులో ఉద్యోగం చేసే మా బాబాయి, ఆఫీసులో తీసేసిన కంప్యూటరు ఒకటి ఇంటికి చేర్చినప్పుడు దాన్ని పెట్టడానికి ముందు గది తప్ప వేరే చోటు లేకపోయింది. ఆ గదిలోనే మాఘమాసం నుంచి మిరప బస్తాలు దూలం దాకా పేర్చి ఉండేవి. సంక్రాంతి దాటాక కల్లాల్లో ఆరబోసిన కాయ ఎండకు రంగు తిరిగి, ఊరి చుట్టూ నేల ఎర్ర దుప్పటి కప్పుకున్నట్లుండేది; తొడిమలు తీసే ఆడవాళ్లు ముక్కుకు కొంగు బిగించి, కబుర్లూ తుమ్ములూ ఆగకుండా సాయంత్రం దాకా కూర్చునేవారు; పత్తి చివరి ఏరుడులో గాలికి లేచిన దూది ముళ్లకంపల మీద చిక్కుకుని ఊగేది; మధ్యాహ్నం జొన్న సంకటి, గోంగూర, నంజుకోవడానికి ఉల్లిపాయ; చైత్రం రాగానే తాటి ముంజలు. ఇన్నింటి మధ్య, వారానికి ఒక్క గంట, అదీ ఎక్కాలూ పద్యాలూ అప్పజెప్పాక మాత్రమే, నాన్నగారి గడియారం ఎదుట మేము అంతరిక్షంలో యుద్ధం చేసేవాళ్లం.

మేము అంటే నేనూ, మస్తానూ. మస్తాన్ తండ్రి సైదులు బాబాయి దూదేకుల ఆయన. వేసవిలో విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి పరుపుల దూది ఏకేవాడు, వానలు పడగానే ఎవరో ఒకరి చేను కౌలుకు పట్టి పత్తో మిరపో వేసేవాడు. ఊళ్లో సాయెబుల ఇల్లు అదొక్కటే. పీర్ల పండగకు మస్తాన్ తల్లి కాశింబీ పిన్ని బెల్లం కలిపి చేసిన మలీదా ముద్దలు మా ఇంటి గడప దాకా వచ్చేవి; మా అమ్మ వాటిని నేతి గిన్నెలో వేసుకుని లోపలికి తీసుకుపోయేది. మస్తాన్ నన్ను పంతులూ అని పిలిచేవాడు. అది మర్యాద కాదు, ఎగతాళి. పుస్తకాలను ఎత్తు ప్రకారం సర్దుకునే పిల్లవాణ్ణి ఇంకేమని పిలుస్తాడు?

ఆ ఆటలో తెర నిండా నల్లటి శూన్యం. మధ్యలో మన తల్లి ఓడ నిలబడి ఉంటుంది. దాని కడుపులోంచి చిన్న ఓడలు పుడతాయి. కొన్ని రాతి శకలాల మీద ఖనిజం తవ్వి తెస్తాయి, కొన్ని కాపలా కాస్తాయి, కొన్ని యుద్ధానికి వెళతాయి. ఎత్తు వేసి ఎదుటివాడి వంతు కోసం ఆగే చదరంగం కాదది. మనం ఆలోచిస్తున్నంతసేపూ, యంత్రం నడిపే శత్రువు కదులుతూనే ఉంటాడు. మన ఓడ తిరిగిన మేరే వెలుగు, మిగిలినదంతా మబ్బు. ఖనిజం ఎర్రగా మెరిసేది గనుక దాన్ని మిరప అనీ, దించే చోటును కల్లం అనీ, తవ్వే ఓడలను కూలీలనీ పిలుచుకునేవాళ్లం. శత్రువు చివరి ఓడ కూడా కూలితే తప్ప యంత్రం గెలుపు ప్రకటించేది కాదు. ఈ నియమం ముందు ముందు అవసరమవుతుంది.

మాకు పదమూడేళ్లు వచ్చిన వేసవిలో, ఆ ఆటలో యుద్ధభూమిని మనమే తయారు చేసుకోవచ్చని కనిపెట్టాం. మా ఊరి పొలాలనే అంతరిక్షంగా మార్చాలన్న ఆలోచన మస్తాన్‌ది, కొలవాలన్నది నాది. నెల రోజులు ఇద్దరం గట్ల వెంట తిరిగి అడుగులు లెక్కపెట్టాం. వంద అడుగులకు తెర మీద ఒక గడి. బావి ఉన్న చోట ఒక గ్రహం, తుమ్మచెట్టుకు ఒక శకలం, మిరప చేలకు ఎర్రటి ఖనిజం, పత్తి చేలకు తెల్లటి పొగ. వంకర గట్టు వంకరగానే, మెలిక తిరిగిన డొంక మెలికగానే వచ్చింది. అంతా అయ్యాక ఒక మూల, ఖనిజమేమీ లేని ఒక మసక రాతిని మస్తాన్ తెచ్చి పెట్టాడు.

"ఇదెందుకురా? ఇక్కడ బావీ లేదు, చెట్టూ లేదు" అన్నాను.

"మా చెల్లి ఉందక్కడ" అన్నాడు.

వాడికి ఆరేళ్లప్పుడు పుట్టిన ఆ పిల్ల పదకొండో రోజున పోయింది. తుళ్లూరు అవతల ఉన్న సమాధుల దొడ్డికి తీసుకుపోదామంటే ముసురు పట్టి, నల్లరేగడిలో బండి చక్రం కదలలేదు. సైదులు బాబాయి ఆ ఏడు కౌలుకు చేస్తున్న చేను మూలనే గుంట తీశాడు. నీళ్ల చెంబు పట్టుకుని వెంట నడిచినవాడు మస్తాన్. బాలింత నలభై రోజులు గడప దాటకూడదు. ఆ తరువాత కూడా ఆడవాళ్లు సమాధుల దగ్గరకు వెళ్లడం వాళ్లింటి ఆచారం కాదు. కాబట్టి కాశింబీ పిన్ని తన బిడ్డను పెట్టిన చోటు ఎన్నడూ చూడలేదు. మరుసటి ఏడు కౌలు మారింది, చేను మారింది. సైదులు బాబాయి మాత్రం ఏడాదికొకసారి ఒంటరిగా వెళ్లి, చేతులు చాచి నాలుగు మాటలు చదివి వచ్చేవాడు.

ఆ పటం మీద ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ మస్తాన్ ముందు చేసే పని ఒకటే. ఇంకా కూలీలను కూడా పంపకుండానే, ఒక చిన్న ఓడను ఆ మూలకు తోలి ఆ మసక రాతి పక్కన నిలిపేవాడు. ఇక దాన్ని కదిలించేవాడు కాదు. తల్లి ఓడ తగలబడుతున్నా దాన్ని సాయానికి పిలిచేవాడు కాదు. వాడి సైన్యమంతా నాశనమయ్యాక కూడా ఆట ముగిసేది కాదు. నిశ్శబ్దమైన తెర మీద, మబ్బు మాటున, ఆ ఒక్క ఓడ నిలబడే ఉండేది.

ఆ సెలవుల్లోనే కంప్యూటరు ఇచ్చిన మా బాబాయి మమ్మల్నిద్దరినీ గుంటూరు తీసుకువెళ్లాడు. వాళ్ల వీధి చివరి కంప్యూటర్ సెంటర్లో నాలుగు యంత్రాలను కలిపి నలుగురు ఒకేసారి ఆడుకునే ఏర్పాటు ఉండేది. మా పటాన్ని ఫ్లాపీలో తీసుకెళ్లి గర్వంగా పెట్టాం. ఒక్క ఆట అయ్యేసరికి ఆ కుర్రాళ్లు విసిగిపోయారు.

"ఏంట్రా ఇది, మ్యాపా మీ ఊరి డొంకా? ఆ మూల పడ్డోడికి ఖనిజమే లేదు" అన్నాడొకడు.

"ఈడి ఓడ ఒకటి ఎక్కడో దాక్కుందిరా! అరగంట నుంచి వెతుకుతున్నాం. ఒరేయ్, ఓడిపోయావుగా, బయటికి రా!" అని రెండోవాడు మస్తాన్ కుర్చీని తన్నాడు.

"నేను దాక్కోలా, కాపలా ఉన్నా" అన్నాడు మస్తాన్.

వాళ్లు పగలబడి నవ్వారు. నాకు అవమానమైంది. వాళ్ల నవ్వు వల్ల కాదు, వాళ్లు చెప్పింది సబబు కావడం వల్ల. నలుగురు ఆడే ఆటలో ఒక మూల సంపద, ఒక మూల బీడు ఉండకూడదు. దూరాలు సమానంగా ఉండాలి. న్యాయమంటే అదే అని ఆ వయసులో నాకు గట్టి నమ్మకం. తరువాత ఎన్నో ఏళ్లు పిల్లలకు అదే బోధించాను.

ఊరికి తిరిగి వచ్చిన ఆదివారం, గట్లన్నీ సరళరేఖలు చేశాను. డొంక మెలిక తీసేశాను. ఒక పావు భాగాన్ని చక్కగా దిద్ది, దానినే తిప్పి తిప్పి మిగిలిన మూడు పావులూ నింపాను. అప్పుడు ఆ మసక రాయి అడ్డు వచ్చింది. తీసేస్తే మస్తాన్ ఊరుకోడు. ఉంచితే ఆ మూలకు అదనంగా ఒక చాటు దొరుకుతుంది. అందుకని అలాంటిదే ఒకటి నాలుగు మూలలా పెట్టాను. యంత్రంలోనూ, ఫ్లాపీలోనూ పాత పటం మీదనే కొత్తదాన్ని అదే పేరుతో భద్రపరిచాను. ఒక పనికి రెండు ప్రతులు ఉంటే గందరగోళమని నాన్నగారు చెప్పిన సూత్రం.

మస్తాన్ వచ్చి తెర మీది రాళ్లను వేలితో లెక్కపెట్టాడు.

"ఒరేయ్ పంతులూ, నాకు నలుగురు చెల్లెళ్లు లేరురా."

"ఆటలో న్యాయం ఉండాలి కదా. నీ చెల్లిని తీసెయ్యలేదుగా?"

"మరి వీటిల్లో మా చెల్లేది?"

నేను మీట నొక్కి ఆట మొదలుపెట్టాను. ఏదో నాకూ తెలియదన్న సంగతి అప్పుడు తట్టలేదు. పటమంతటినీ ఎటు, ఎన్నిసార్లు తిప్పానో, మొదట దిద్దినది ఏ పావో గుర్తుపెట్టుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు. ఆ రోజు ఆటలో మస్తాన్ ఎప్పటిలాగే ఒక చిన్న ఓడను పంపాడు. అది ఒక రాతి దగ్గర ఆగింది, మళ్లీ కదిలింది, అంచు వెంట రెండో రాతి దగ్గరకు వెళ్లి ఆగింది, అక్కడి నుంచి మూడో దాని వైపు తిరిగింది. నాన్నగారు గంట అయిందని గుర్తు చేసేదాకా ఆ ఒంటరి ఓడ మూల నుంచి మూలకు తిరుగుతూనే ఉంది. వాడు మరుసటి వారం ఆటకు రాలేదు. ఆ తరువాత మా స్నేహం తగ్గలేదు గాని, ఆ ఆట ప్రస్తావన మాత్రం మా మధ్య ఎన్నడూ రాలేదు.

ఈ ఏడాది సైదులు బాబాయి పోయాడు. రాజధాని కోసం పొలాలు సమీకరించి, గట్లు తీసి, చెట్లు కొట్టి, ఆ మైదానమంతా చదును చేశాక కూడా ఆయన ఏటా ఒకసారి వెళ్లి వచ్చేవాడట. ఏ గుర్తు పట్టుకుని వెళ్లేవాడో ఎవరూ అడగలేదు. ఆయన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలు అయ్యాక, మంగళగిరిలో ఆటో నడుపుతున్న మస్తాన్ నాకు ఫోన్ చేశాడు.

"అమ్మ ఒకటే గోల పంతులూ. ఇన్నాళ్లూ మీ నాయన పోయేవాడు, ఇప్పుడు ఆ పిల్ల దగ్గరకు ఎవరు పోతారు, ఒక్కసారి నాకు చూపించు అంటది. నేను పోయి నిలబడితే నాకు తూర్పేదో పడమరేదో తెలవలా. ఆ ఏడు ఎవరి చేను చేశామో రాసుకున్నోళ్లు లేరు. నీ దగ్గర ఆ మ్యాప్ ఉంటది కదరా? నువ్వు ఏదీ పారెయ్యవుగా!"

నేను ఏదీ పారేయను. ఫ్లాపీ దొరకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పేరూ, నెలా రాసిన చీటీ చెక్కుచెదరలేదు. పటం తెరుచుకుంది. తెర మీద మా ఊరు లేదు. బడిలో పిల్లలకు నేను గీసి చూపే బొమ్మలాగా, నాలుగు సమానమైన పావులు, నాలుగు తిన్నని దారులు, నాలుగు మూలల్లో నాలుగు మసక రాళ్లు. ఎక్కడా ఒక్క వంకర గట్టు లేదు. మస్తాన్‌కు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. "సరే, ఆదివారం రా. అమ్మకు నువ్వే చెప్పుకో" అని పెట్టేశాడు.

ఊరి బడిని ఆధారంగా తీసుకుని లెక్క కట్టి నాలుగు చోట్లు గుర్తించాను. వాటిలో ఒకటి సర్కారు తుమ్మ పెరిగిన బీడు, ఒకటి రాళ్లు పాతిన ఇళ్ల స్థలాలు, ఒకటి మురుగు కాలువ కోసం తవ్విపోసిన మట్టిదిబ్బ, ఒకటి ఆరు వరసల రోడ్డు పక్క. గట్లను నేను జరిపాను గనుక ఆ నాలుగింటిలో ఏదీ నిజం కాకపోవచ్చునని కూడా నాకు తెలుసు. ఆటో దిగిన కాశింబీ పిన్ని చేతి నీడలో కళ్లు చికిలించి ఆ మైదానం చూస్తుండగా, అంతా చెప్పాను. నా చేత జరిగిన పొరపాటు అని, క్షమాపణ అని, ఏవేవో పెద్ద మాటలు వాడాను.

ఆమె విన్నది. "ఆటకా నాయనా?" అంది.

"ఆటకే పిన్నీ."

"చిన్నపిల్లకాయలు, ఏం తెలుసుద్దిలే. మీ బాబాయి ఒక్క చోటుకు పోయేవాడు, నన్ను నాలుగు చోట్ల తిప్పుతావన్నమాట. సరే, ముందు దూరంది చూపించు, కాళ్లు ఆడుతుండగానే."

మేము చదును చేసిన నేల మీదుగా నడిచాం. ఒకప్పుడు ఆ దారిలో పదహారు గట్లు దాటాలి. ప్రతి గట్టుకూ ఒక పేరు, ఒక మనిషి, ఒక తగువు ఉండేవి. ఇప్పుడు కాలికి తగలడానికి ఒక్కటీ లేదు. బీడు దగ్గర ఆమె చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. వెంట తెచ్చుకున్న సీసాలోని నీళ్లు పావు వంతు నేల మీద పోసి, పెదవులు కదిలించి, లేచింది. నేను ఆ చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాను. రాళ్లున్నాయి, ముళ్లున్నాయి, వేసుకోమన్నాను.

ఆమె వాటిని తీసి మస్తాన్ చేతికిచ్చింది. "పిల్ల ఎక్కడుందో తెలవనప్పుడు ఎక్కడని వేసుకునేది నాయనా?" అని, ఉత్త కాళ్లతో రెండో చోటు వైపు నడక సాగించింది. మస్తాన్ వంగి తన చెప్పులు కూడా విడిచాడు. నా బూట్ల లేసులు విప్పడానికి నాకు కొంచెం ఆలస్యమైంది.