రెండోసారి పెట్టిన నార కట్ట

మా ముత్తాతగారికి చీపురుపల్లి చుట్టుపక్కల మూడు గోగునార గోదాములు, నార బేళ్ళు కట్టే ప్రెస్సు ఒకటి ఉండేవి. ఆయన కట్టించిన బేళ్ళు ఎడ్లబళ్ళ మీద భీమునిపట్నం రేవుకు, అక్కడినుంచి ఓడల్లో పైదేశాలకు వెళ్ళేవి. మా తాతగారి నాటికి రేవు మూలపడి రైలు వచ్చింది గానీ, మా ఇంటి మాట తగ్గలేదు. ఆయన వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. నార రకం మీద తగవు వస్తే రెండు వైపులవాళ్ళూ ఆయన దగ్గరికే వచ్చేవారు. కట్టను విప్పి ఒక్కసారి చేత్తో దువ్వి, ఒకటో రకమనో రెండో రకమనో ఆయన అంటే ఇక దానిమీద మాట లేదు. మా నాన్నగారి కాలంలో ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, గోదాములు పరుల పాలయ్యాయి. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇది తెలియకపోతే ఆ తరవాత నేను చేసిన తప్పు ఎంతటిదో తెలియదు.

రాష్ట్రం రెండుగా విడిపోవడానికి ముందు సంవత్సరం. నేను విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకునేవాణ్ణి. ఒకరోజు చీపురుపల్లిలో ఇంకా నార కొంటున్న ఒక పెద్ద షావుకారు నన్ను పిలిపించాడు. డెబ్బై దాటిన మనిషి. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"బాబూ, నా కళ్ళు పోతన్నాయి. శుక్లాలట. తెల్లటి నార సూసినా నాకు పసుప్పచ్చగానే అవుపిస్తన్నాది. ఈ సంగతి రైతులకి తెలిస్తే ఇంకేటుంది! నార రంగు సూసి రకం సెప్పే మిషను ఏదైనా సేసిపెట్టండి. మీ తాతగారి మనవలు, మీరు సేస్తే నలుగురూ ఒప్పుకుంటారు."

ఆ చివరి మాటకు నా వెన్ను ఇంకాస్త నిటారుగా అయింది. సరేనన్నాను. డబ్బు ఊసెత్తితే చేత్తో వారించాను. "పని నడవకపోతే బాధ్యత నాది" అన్నాను. మా ఇంట్లో మాట అలాగే ఇచ్చేవారు.

చెక్కతో నిలువెత్తు పెట్టె చేయించాను. లోపల రెండు బల్బులు, పైన ఒక చవక కెమెరా, పక్కన చిన్న కంప్యూటరు. కట్ట పెట్టెలో పెడితే కెమెరా చూస్తుంది, నా ప్రోగ్రాము ఆ రంగును కొలిచి తెర మీద ఒకటి, రెండు, మూడు అని అంకె చూపిస్తుంది.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. ప్రోగ్రాము కెమెరాతో నేరుగా మాట్లాడదు. మధ్యలో డ్రైవర్ అనే మరో ప్రోగ్రాము ఉంటుంది, రైతుకీ షావుకారుకీ మధ్య దళారి ఉన్నట్టు. వెలుతురు ఇంత ఉంచు, తెలుపును ఇలా చూడు అని మనం డ్రైవర్‌కి చెబితే అది కెమెరాకి చేరవేస్తుంది. వెలుతురు, తెలుపు, కాంట్రాస్టు, ఇలా మార్చుకోదగిన ఒక్కొక్కదాన్నీ కంట్రోల్ అంటారు. అన్ని కెమెరాలకూ ఒకే కంట్రోళ్ళు ఉండవు. అందుకని పని మొదలుపెట్టే ముందు డ్రైవర్‌ని అడగాలి: నీ దగ్గర ఏమేం ఉన్నాయి? అది ఒక్కొక్కదాని పేరూ, ఎంత నుంచి ఎంత వరకు మార్చవచ్చో, ఇప్పుడు దాన్ని ముట్టుకోవచ్చో లేదో చెబుతుంది. తరవాతది ఏమిటని అడుగుతూ పోతే, ఇక లేవు అనే వరకు చెబుతూనే ఉంటుంది. ఎంతో మర్యాదగల ఏర్పాటు.

ఈ పద్ధతి నాకు తెలియనిది కాదు. అడగడం దండగ అనుకున్నాను. ఇంట్లో నా బల్ల మీద ఉన్న కెమెరాకి సరిపోయిన అంకెలు ప్రోగ్రాములో రాసేసి, కొట్టులో పెట్టిన కెమెరాకి కూడా అవే ఆజ్ఞాపించాను. రెండూ ఒకే రకం డబ్బాలో వచ్చాయి కదా! ఆజ్ఞ అందుకున్నావా అని తిరిగి అడగనూ లేదు. డ్రైవర్ కుదరదని జవాబిచ్చినా ఆ జవాబును చదివే వరుస నా ప్రోగ్రాములో లేదు.

షావుకారు కొట్టులో పెట్టె పెట్టిన మూడో రోజున ఒక ఆడమనిషి ఆటో నిండా నార తెచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. సొంతానికి కొంత, కౌలుకి కొంత గోగు వేసే రైతు. మనిషి సన్నంగా ఉంది గానీ గొంతు మాత్రం గేటు దాటి వినిపించేది. ఆవిడ కట్ట పెట్టెలో పెడితే తెర మీద ఒకటి పడింది. ఆవిడ సంతోషించలేదు. తెరవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి బయటికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మళ్ళీ వరసలో నిలబడి ఇంకో కట్ట తెచ్చింది. దానికి నీలం తాడు కట్టి ఉంది. ఈసారి తెర మీద మూడు పడింది.

"సూడండి! సూడండి!" అని అరిచింది. "ఇది పొద్దున్నటి కట్టే. పొద్దున్న ఒకటన్నాది, మద్దేనానికి మూడన్నాది. ఏటి బాబూ, నా నార ఎండకి నల్లబడిపోనాదేటి?"

చుట్టూ ఉన్న రైతులు నవ్వారు. నాకు ముఖం వేడెక్కింది.

"పొద్దున్నటి కట్టకి పసుపు తాడు ఉంది. ఇది వేరే కట్ట. నువ్వు మార్చావు" అన్నాను.

"తాడు మార్సినాను. నార మార్సలేదు."

"తాడెందుకు మార్చావు మరి? మోసం చేద్దామనేనా?"

నవ్వులు ఆగిపోయాయి. ఆ మాట అక్కడ ఎంత బరువైనదో నాకప్పుడు తెలియదు. కట్టలు మార్చే మనిషి అని ఒక కొట్టులో పేరు పడితే ఆ వీధిలో ఏ కొట్టూ ఆ రైతు నార ముట్టుకోదు. ఆ ఏడు పంటంతా ఇంట్లో మగ్గిపోవలసిందే. ఆవిడ ఆటో దగ్గరికి వెళ్ళి, ఇంకా దించని కట్టలను అక్కడే దింపించి, వాటిమీద కూర్చుంది.

"నాను దొంగనని తేల్సండి, ఎల్లిపోతాను. కాదని తేల్సండి, అప్పుడూ ఎల్లిపోతాను. రెండింట్లో ఒకటి తేలీవరకు నానిక్కడే. ఒరే ఆటో, నువ్వూ ఉండు."

పెద్ద షావుకారు నన్ను లోపలికి తీసుకెళ్ళాడు. ఆయన కళ్ళతో ఆ కట్ట రకం తేల్చలేడు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

"బాబూ, మీరు కొట్లో ఎప్పుడూ కూకోలేదు కదా, తెలీదు" అన్నాడు. "కొత్తగా రకం సెప్పేవోడు ఒచ్చినాడంటే, అదే కట్టకి తాడు మార్సి రెండోసారి ఎడతారు. ఆడి సూపు నికరమైందా, కాదా అని. దొంగతనం కాదది, పరీక్ష. నాకూ ఎట్టినారు. మీ తాతగారికీ ఎట్టినారు."

"తాతగారేం చేశారు?"

"ఏటి సేస్తారు! 'ఇది పొద్దున సూసినాను, తాడు నాకిచ్చీ, కట్ట నువ్వట్టుకెళ్ళు' అన్నారు. ఆ తాడు దాసుకున్నారట."

మా ఇంటి వ్యాపారంలో ప్రతి కూలివాడికీ తెలిసిన ఆనవాయితీ అది. నాకు తెలియదు. ఓడల సంగతి తెలుసు, వీధిలో లేచి నిలబడ్డవాళ్ళ సంగతి తెలుసు. ఇది తెలియదు.

"మరి ఆ కెమెరా మీ మాట ఇంటన్నాదా?" అని అడిగాడాయన. "నా పెద్ద కొడుకు కూడా అన్నింటికీ తలూపుతాడు, ఒక్కటీ సెయ్యడు. అందుకని అడిగినాను."

పెట్టె దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఆవిడ కట్టల మీది నుంచి నన్నే చూస్తోంది. డ్రైవర్‌ని వరసగా అడిగే చిన్న ప్రోగ్రాము రాశాను. పాతిక వరుసలు లేవు. దాన్ని నడిపితే తెర మీద ఒక్కొక్క కంట్రోలూ దిగుతూ వచ్చింది.

వెలుతురు కంట్రోల్ నా బల్ల మీద కెమెరాలో సున్నా నుంచి రెండు వందల యాభై అయిదు వరకు. ఇక్కడ సున్నాకి కింద అరవై నాలుగు నుంచి పైన అరవై నాలుగు వరకు. నేను నూట ఇరవై ఎనిమిది పెట్టమని మూడు రోజులుగా హుకుం జారీ చేస్తున్నాను. తెలుపును నిలిపి ఉంచే కంట్రోల్ ఉంది గానీ, దాని పక్కన ప్రస్తుతం పనిచేయదని గుర్తు ఉంది. ఎందుకంటే తెలుపును కెమెరా తనంతట తానే సర్దుకునే ఏర్పాటు నడుస్తోంది. ముందు దాన్ని ఆపితే తప్ప ఇది మన చేతికి రాదు. ఇక ఎక్స్‌పోజర్, అంటే వెలుతురును ఎంతసేపు లోపలికి రానివ్వాలో చెప్పే కంట్రోల్, ఆ కెమెరాలో అసలు లేనే లేదు.

జరిగినది అప్పుడు అర్థమైంది. కెమెరా తన ముందుకు వచ్చినవాటిని బట్టి తెలుపును మెల్లగా సర్దుకుంటూ పోతోంది. పొద్దున్న ఆవిడ కట్టకు ముందు వరసగా మసర నార, అంటే రంగు మాసిన నార, వచ్చింది, అందుకని ఆవిడది తెల్లగా కనిపించింది. మధ్యాహ్నం ఆవిడకు ముందు మంచి తెల్లనార వచ్చింది, అదే కట్ట మసరగా కనిపించింది. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజం.

తెలుపు సర్దుబాటును ముందు ఆపించాను. మళ్ళీ అడిగాను, పనిచేయదన్న గుర్తు పోయింది. అప్పుడు విలువ పెట్టాను. పెట్టిన తరవాత ఎంత ఉందో తిరిగి అడిగి, అంతే ఉందని చూసుకున్నాను. గంటన్నర పట్టింది.

బయటికి వచ్చి ఆవిడ కట్టనే తీసుకురమ్మన్నాను. ఒక మసర కట్ట పెట్టించి, తరవాత ఆవిడది. ఒక తెల్ల కట్ట పెట్టించి, తరవాత ఆవిడది. తాడు విప్పేసి ఇంకోసారి. మూడుసార్లూ తెర మీద రెండే పడింది.

గుంపులోంచి ఎవరో "అయ్యో, ఒకటి పోనాదే మామ్మా!" అన్నారు.

"నోరుముయ్యిరా" అందావిడ. "రెండే. నా నార నాకు తెల్దేటి? ఈ ఏడు గెడ్డలో నీళ్ళు సాల్లేదు, గోగు సరిగ్గా నానలేదు. అది ఒకటో రకం ఎలగవుతాది? పొద్దున్న ఒకటని సూపించిందని అందుకే అనుమానమొచ్చినాది. ఊరికే ఒకటన్నోడు రేపు ఊరికే మూడంటాడు. అందుకే తాడు మార్సినాను."

ఎక్కువ పడినందుకు పరీక్ష పెట్టిన రైతు. నేను మోసగత్తె అన్నది ఆ మనిషిని.

మా ఇంట్లో అన్న మాట వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు. ఎలా తీసుకోవాలో కూడా తెలియదు. నోటికి ఎలా వస్తే అలాగే అన్నాను, అందరికీ వినపడేలా. "తప్పు ఆవిడది కాదు. పెట్టెదీ కాదు. అడగవలసినవాటిని అడగకుండా పెట్టె తయారుచేసిన నాది. నేనన్న మాట తప్పు. అమ్మా, నన్ను క్షమించాలి."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "అమ్మా అనీసినావు కదా, ఇంకేటి. ఒగ్గీ బాబూ" అంది. తరవాత షావుకారు వైపు తిరిగి, "ఏం బావా, ఇంకా సూస్తావేటి, తూకం ఎయ్యించు. ఆటోవోడు నా పేనాలు తీస్తన్నాడు" అంది. ఆయన పెద్దగా నవ్వాడు. ఎవరో టీ తెచ్చారు. ఆవిడ తన గ్లాసు పక్కన పెట్టి, ముందు నాకివ్వమంది.

ఆ తరవాత చాలా ఏళ్ళు నేను చాలా రకాల కెమెరాలకు ప్రోగ్రాములు రాశాను. ఒక్కదానికీ అడగకుండా ఆజ్ఞ ఇవ్వలేదు. కొన్ని కెమెరాలు ఒక కంట్రోల్‌కి నాలుగు పద్ధతులున్నాయని లెక్క చెప్పి, ఒక్కొక్కటీ అడిగితే వాటిలో రెండే ఉన్నాయంటాయి. కాలేజీలో పిల్లలకు ఇది చెప్పేటప్పుడు జవాబు చదవని ప్రోగ్రాముకు మార్కులు ఇవ్వనని ముందే చెప్పేవాణ్ణి. వాళ్ళు నన్ను పట్టుదల మనిషి అనుకునేవారు. మా తాతగారి దగ్గర నేర్చుకోవలసిన పనిలో మొదటి పాఠం నాకు ఆవిడ నేర్పింది. ఎండలో, ఆటోవాడి సణుగుడు భరిస్తూ, తన పంటను పణం పెట్టి నేర్పింది. ఆవిడ పట్టించుకోకుండా ఒకటో రకం అందుకుని వెళ్ళిపోయి ఉంటే, ఆ పెట్టె ఎంతమంది నారకు అడ్డదిడ్డంగా రకం కట్టి ఉండేదో! దానిమీద మా ఇంటి పేరు ఉండేది. ఆ పేరు నిలబడిందంటే నిలబెట్టింది ఆవిడ.

ఎక్స్‌పోజర్ కంట్రోల్ లేని ఆ కెమెరా వెలుతురును తన ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటుందని, ఎక్కువకాలం పనికిరాదని షావుకారుకు ఆ సాయంత్రమే చెప్పాను. అన్ని కంట్రోళ్ళూ చేతికి వచ్చే కెమెరాలు రెండు కావాలి, ఆయన రెండో కొట్టుకు కూడా కలిపి. ఖర్చు తానే పెట్టుకుంటానన్నాడు, ఒకటికి రెండుసార్లు. బాధ్యత నాదని ముందే అన్నాను కనక ఒప్పుకోలేదు. ఆ నెలాఖరుకు కెమెరాలు వచ్చాయి. వాటికోసం మా ఇంటి వీధి తలుపులు, చెక్కడం పనిచేసిన ద్వారబంధంతో సహా, విశాఖపట్నంలో పాత కలప కొనే వర్తకుడికి అమ్మాను. అక్కడ ఇప్పుడు ఇనపరేకు తలుపు ఉంది.