పద్దెనిమిది వెండి రూపాయలు, పంతొమ్మిది మోతలు

నేను దయ్యాలను నమ్మను. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు కూడా నమ్మడం లేదు. తార్నాకలో ఎవరూ అద్దెకు తీసుకోని ఇంట్లో ఆరేళ్ళు ఉన్నాను. మిద్దె మీద ఎవరో నడుస్తారని ఇరుగుపొరుగు చెప్పారు. మూడు రోజులు కాపు కాసి, నడిచేది పక్కింటి పిల్లి అని తేల్చాను.

నేను చదివింది పదో తరగతే. యూనివర్సిటీ క్యాంపస్‌లో, ఒక సైన్సు విభాగంలో స్టోర్‌కీపర్‌గా పనిచేశాను. కొలతలు, లెక్కలు పాత పాఠ్యపుస్తకాలు ముందు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. అయినా పీహెచ్‌డీ విద్యార్థులు తమ రీడింగులు ప్రొఫెసరుకు చూపించే ముందు నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను.

తొంభైల చివర్లో సంగతి. మా అన్న పోయాక మా వదిన సరోజమ్మ బౌద్ధనగర్‌లో ఒక గదిలో ఉంటూ జాకెట్లు కుట్టేది. ఎవరి దగ్గరా చేయి చాపలేదు. తార్నాకలో రోడ్డు వైపు ఒక చిన్న షాపు ఖాళీ అయింది. నెలాఖరులోగా అడ్వాన్సు కట్టకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని ఓనరు అన్నాడు. అప్పుడు వదిన తాడిపత్రిలో పోయిన వాళ్ళమ్మ తాలూకు చిన్న మూట తెచ్చి నా ముందు విప్పింది. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయలు, పద్దెనిమిది.

కంసాలికి అమ్మితే వెండి ధరే వస్తుంది. పాత నాణేలు పోగుచేసేవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు ఇస్తారని విన్నాను. తార్నాక చౌరస్తా దగ్గర అప్పుడే ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. అక్కడ కూర్చుని, నాణేలవాళ్ళు రాసుకునే ఒక పేజీలో ప్రకటన పెట్టాను. నాలుగో రోజున కోయంబత్తూరు నుంచి ఒకాయన ఈమెయిల్ రాశాడు. అన్నీ కొంటానన్నాడు. షరతులు మూడు. చింతపండుతో తోమకూడదు, తోమితే విలువ పోతుంది. ప్రతి నాణేన్నీ పరీక్షించి పంపాలి, తను మళ్ళీ రాతి మీద జారవిడిచి మోగించి చూసుకుంటాడు. ఒక్కటి నకిలీ అని తేలినా మొత్తం వెనక్కి.

మోగించి చూడడం అనే మాటకు నేను నవ్వుకున్నాను. చెవితో చేసేది పరీక్షేమిటి? దానికి అంకె ఏది?

మే నెల, సెలవులు. విభాగంలో నేను, అటెండర్ యాదగిరి తప్ప ఎవరూ లేరు. త్రాసు గది తలుపు మూసి, కిటికీల గడియలు వేసి, ఫ్యాను ఆపి పని మొదలుపెట్టాను. గాలి తగిలితే త్రాసు నిలవదు. ఒక్కో రూపాయినీ ముందు మామూలుగా, తర్వాత దారంతో నీళ్ళలో వేలాడదీసి తూచాలి. మొదటి బరువును ఆ రెండింటి తేడాతో భాగిస్తే లోహం సాంద్రత తెలుస్తుంది. ఆ కాలపు రూపాయికి పది పాయింటు మూడు చుట్టుపక్కల రావాలి.

యాదగిరి తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాడు. "సార్, గా రాణమ్మకు పొద్దుగాల కెల్లి తానం చేపిస్తున్నరు. గింత పసుపు, కుంకుమ గూడ పెట్టుండ్రి, పూజ అయితది."

"ఉన్న పసుపే చాలక చస్తున్నానయ్యా," అన్నాను. నిజంగానే ప్రతి నాణెం మీదా, అక్షరాల సందుల్లో, ఏళ్ళ తరబడి పూజలో పెట్టిన పసుపు గట్టిపడి ఉంది. తోమడానికి లేదు.

పదిహేడు నాణేలు సరిగ్గా వచ్చాయి. పదకొండోది మాత్రం పది పాయింటు ఒకటి చూపించింది. మళ్ళీ తూచాను, అంతే. పసుపు తేలిక కాబట్టి ఆ మేరకు తగ్గిందని అనుకున్నాను. రిమార్కుల గడిలో 'పసుపు' అని రాసి, పాసు చేశాను. మిగతా పదిహేడింటికీ అదే పసుపు ఉందన్న ఆలోచన అప్పుడు రాలేదు. రాకూడదనే అనుకున్నానేమో.

నల్లరాతి బల్ల మీద అంకెలు వేసిన కాగితం పరిచి, ఏ రూపాయిని ఆ అంకె మీద పెట్టాను. తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, వరండాలో బెంచీ మీద టిఫిన్ డబ్బా విప్పాను. యాదగిరి నా పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మిట్టమధ్యాహ్నపు ఎండ.

లోపల ఖంగుమని మోగింది.

రూపాయిని రాతి మీద జారవిడిస్తే వచ్చే మోత. అది పూర్తిగా ఆగాక ఇంకోటి. తొందర లేకుండా, ఒకే వ్యవధితో. నా అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పది మోతలు గంట కొట్టినట్టు స్పష్టంగా వచ్చాయి. తర్వాతది చచ్చుగా, ఠప్పుమని. మళ్ళీ అదే, ఠప్పుమని. ఆ తర్వాత ఏడు స్పష్టంగా. ఆగిపోయింది.

నేను యాదగిరి వైపు చూశాను. నా ముద్ద చేతిలోనే ఉంది.

"లోపట ఎవరున్నరు సార్?"

"ఎవరూ లేరు. నువ్వేం విన్నావో చెప్పు."

"ఏంది చెప్పేది? పైసలు మోగుతున్నయ్. మంచిగనే మోగినయ్ గని నడుమ రెండు డొల్లగ మోగినయ్."

"ఎన్ని మోగాయి మొత్తం?"

"లెక్కలు మీ పని గద సార్. నా పానం గీడ లేదు."

చేయి కడుక్కోకుండానే తలుపు తీశాను. ఎవరూ లేరు. కిటికీల గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. పద్దెనిమిది రూపాయలూ వాటి వాటి అంకెల మీదే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

నేను విన్నవి పంతొమ్మిది. పద్దెనిమిది నాణేలకు పంతొమ్మిది మోతలు. భయం కంటే ముందు ఆ తేడాయే నన్ను పట్టుకుంది.

అప్పుడు చేశాను, నేను నవ్విన పరీక్ష. వరుసగా ఒక్కోటీ బల్ల మీద జారవిడిచాను. పది మోగాయి. పదకొండోది ఠప్పుమంది. భూతద్దం కింద పెట్టి చూస్తే రాణి చెంప మీద సూదిమొనంత గుంటలు. అంచు చుట్టూ సన్నగా ఆకురాయి పెట్టిన గీత.

సాయంత్రం సికింద్రాబాదులో ఒక ముసలి కంసాలికి చూపించాను. ఆయన వేలి మీద నిలిపి గోటితో ఒక్కసారి మీటాడు. "వెండి మంచిదే. గని ఇది టంకశాలల కొట్టింది కాదు సార్. అసలు దానికి అచ్చు తీసి పోసిన్రు. లోపట బుడగలుంటయ్, అందుకే మోగదు."

అంటే నా త్రాసు అబద్ధం చెప్పలేదు. పది పాయింటు ఒకటి అని చెప్పింది. దాని నోటిని పసుపుతో మూసింది నేను.

బౌద్ధనగర్ వెళ్ళాను. వినిపించిన మోతల సంగతి వదినకు చెప్పలేదు. ఆ నాణెం ఒక్కటే ఆమె చేతిలో పెట్టి, ఎలా చెప్పాలా అని నిలబడ్డాను.

"ఏమప్పా శేషూ, ఏందో చెప్పు. ఊరికే నీళ్ళు నములుతాండావు."

"ఇది నకిలీ వదినా."

ఆమె దాన్ని తిప్పి చూసి నవ్వింది. "ఓ, ఇదేనా అది! అమ్మ దీపావళికి మూట ఇప్పి, గడప పక్కన బండ మీద ఒక్కొక్కటే మోగించేది. ఒకదాన్ని మాత్రం రెండుసార్లు కొట్టేది. అది గూడా పూజలో భాగమే అనుకుంటి నేను. చిన్నదాన్ని కదా. ఎందుకమ్మా అంటే, ఇదీ మాయమ్మ ఇచ్చిందే, దీన్ని యాడికి పంపేది, అనేది."

మధ్యాహ్నపు మోతలు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. పదీ, రెండూ, ఏడూ. పంతొమ్మిది.

ఒక మాట దాచను. పద్దెనిమిదీ పంపితేనే అడ్వాన్సు పూర్తవుతుంది. నా పట్టికలో పదకొండోది పాసు అయ్యే ఉంది. "మోగించేవాళ్ళందరికీ చెవులుంటాయా వదినా?" అన్నాను. అన్నందుకు ఇప్పటికీ సిగ్గే.

వదిన నవ్వు ఆపేసింది. "మాయమ్మ మూటలోంచి దొంగ రూపాయి ఎవురింటికీ పోకూడదప్పా. తక్కువైంది నేను కుట్టుకుంటాలే."

పట్టికలో 'పసుపు' కొట్టేసి, పక్కన 'నకిలీ' అని రాసి, సంతకం పెట్టాను. పదిహేడు నాణేలు, పద్దెనిమిది వరుసల పట్టిక కోయంబత్తూరు పంపాను. తగ్గిన మొత్తానికి వదిన పన్నెండు రోజులు మెషిన్ మీద నుంచి లేవలేదు. ఆఖరి రోజు ఓనరుకు పూర్తి అడ్వాన్సు లెక్కపెట్టి ఇచ్చింది.

కోయంబత్తూరు ఆయన అంతకు ముందే డబ్బు పంపి, ఈమెయిల్ రాశాడు. పదిహేడూ మోగించి చూశాడట, అన్నీ మంచివేనట. నకిలీదాన్ని కూడా తూచి, కారణం రాసి పంపిన మనిషిని తను ఇంతవరకూ చూడలేదన్నాడు. ఆ ఉత్తరం ప్రింటు తీయించి వదినకు చదివి వినిపించాను. ఆమె రెండోసారి చదివించుకుంది.

ఆ గదిలో ఏం జరిగిందో కనుక్కోవాలని చూశాను. అవే నాణేలు పంపే ముందు మూడు మధ్యాహ్నాలు అదే బల్ల మీద, అదే వేళకు పెట్టాను. వేడికి రాయి చిట్లిందా, పై అంతస్తులో ఎవరైనా ఉన్నారా, పావురాలు దూరాయా, అన్నీ చూశాను. ఏదీ మోగలేదు. యాదగిరి మాత్రం తర్వాత ఆ గది ఊడ్చాలంటే నన్ను గుమ్మంలో నిలబెట్టేవాడు.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. నా కొలతల మీద నాకున్న గర్వం కూడా తగ్గలేదు. కానీ ఆ రోజు వచ్చిన సరైన లెక్క నాది కాదు. ఎవరిదో చెప్పలేను.