జేబులో పేలిన బ్యాటరీ

ఈ సంగతి బర్మాలో మా యాంగోన్ తెలుగు సంఘంలో లేచి చెప్పబోతే నన్ను కూర్చోమన్నారు. మీరైనా చదువుతారని రాస్తున్నాను.

సైన్యం మీద జనం తిరగబడిన ఏడాది అది. వీధి వీధికీ సైనికుల కాపలా. సంచి కనబడితే ఆపేస్తారని అందరం సామాను జేబుల్లో కుక్కుకుని తిరిగేవాళ్లం. మా బావమరిది సింహాచలం వేప్, అదే బ్యాటరీతో నడిచే సిగరెట్టు, తాగుతాడు. దానికి బోటాటౌంగ్ పేటలో మన తెలుగువాడే నడిపే కొట్లో బ్యాటరీలు కొన్నాం. విడిగా చేతిలో పెట్టాడు. ప్లాస్టిక్ డబ్బాలో ఇమ్మని అడిగాను.

"ఏటన్నా, బ్యాటరీకి ఉయ్యాల కూడా కట్టాలేటి?" అని నవ్వాడు.

సింహాచలం వాటిని తను పనిచేసే గోదాము తాళాల గుత్తి ఉన్న జేబులోనే వేసుకున్నాడు. వంతెన దగ్గర సైనికులు ఆపి మమ్మల్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. తాళాలు బ్యాటరీ రెండు కొసలకూ తగిలి వేడెక్కినట్టుంది. "బావా, తొడ కాల్తంది" అంటూ సింహాచలం లేచాడు. జేబు పేలి మంట లేచింది. బాంబు అనుకుని వాణ్ని తుపాకీలు తిరగేసి కొట్టారు. మంట ఆర్పబోయిన నా దవడ పగలగొట్టారు. నోటినిండా రక్తంతోనే అది బ్యాటరీ అని బర్మీస్‌లో అరిచాను. ఒక సైనికుడు కాలిన బ్యాటరీ గొట్టాన్ని బూటుతో దొర్లించి చూశాకే ఆగారు.

కాలినచోట చర్మం బిగుసుకుపోయి సింహాచలం ఇప్పటికీ కింద కూర్చోలేడు. ఆ కొట్లో ఈరోజుకీ బ్యాటరీలు విడిగానే ఇస్తున్నారు. అడిగితే కొట్టువాడు, "సైన్యం కొడితే నానేటి సేస్తాను?" అంటాడు. కొట్టింది వాళ్లేనయ్యా. తొడ కాల్చింది నువ్విచ్చిన బ్యాటరీ. మా ఇంటికొచ్చి, సింహాచలం మొహం చూసి జవాబు చెప్పు.